సెల్‌ఫోను ఛార్జి యేల నిలువదు?

ఖమ్మము పట్టణమునుండి భద్రాచలమునకు బోవు మార్గము ఇంచుమించు 120 కిలోమీటర్లు. కొత్తగూడెము వరకు బొగ్గుగనుల ప్రాంతము. పాల్వంచ దాటిన పిదప టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్లు దారికి ఇరుప్రక్కల కానవచ్చును. గోదావరి దాటి, భద్రాచలమును విడిచి ఉత్తరముగా దుమ్ముగూడెము, చర్ల వైపు సాగినచో అడవి మరింత చిక్కనగును. చర్లకు ఆవల ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు సరిహద్దు. ఈ దారిలో బస్సులో కూర్చుండి చేతిలోని సెల్‌ఫోను వంక చూచుచు పోవువారికి ఒక వింత తెలియవచ్చును. ఖమ్మములో నిండుగా నున్న సిగ్నలు గీతలు అడవి దగ్గర పడిన కొలది తగ్గుచు, అక్కడక్కడ పూర్తిగా మాయమగును. వానితోపాటు బ్యాటరీ అంకెయు వడివడిగా దిగిపోవును. ఖమ్మములో రెండు దినములు నిలిచిన ఛార్జి, అడవి అంచు పల్లెలో ప్రొద్దు గ్రుంకక మునుపే అడుగంటును.

ఇట్టి సమయమున జనులు మొదట అనుమానించునది బ్యాటరీనే. “దీని పని అయిపోయినది, క్రొత్తది వేయించవలెను” అని దుకాణమునకు బోవుదురు. ఎండలో తునికాకు కోసి సంపాదించిన కూలిడబ్బులు వెచ్చించి క్రొత్త బ్యాటరీ వేయింతురు. ఊరికి తిరిగివచ్చిన మరునాడే ఫోను మరల ఆరిపోవును. అప్పుడు దుకాణదారుడు మోసగించెనని నింద. దుకాణదారుడు మోసగించుటయు లోకములో లేకపోలేదు గాని, అన్నివేళల దోషము అతనిది కాదు. రోగమొకటి, మందొకటి అయినచో వైద్యుని తిట్టి ప్రయోజనమేమి? ఛార్జి ఏ దారిన పోవుచున్నదో ముందుగా కనుగొనవలెను. అందులకు గొప్ప చదువు గాని, విలువైన పరికరములు గాని అక్కరలేదు. ఒక గడియారము, ఒక కాగితము, రెండు రాత్రుల ఓపిక చాలును.

ఇది కేవలము వినోదమునకు సంబంధించిన విషయమని తలపకుడు. 2005 ఆగస్టు 15వ తేదీన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైనది. ప్రసవవేదన పడు తల్లికైనను, పాము కరచిన బిడ్డకైనను నేడు మొదటి సాయము ఒక ఫోను పిలుపుతోనే కదలుచున్నది. పట్టణములో ఒకరి ఫోను ఆరిపోయినచో ప్రక్కింటి తలుపు తట్టవచ్చును. అడవిలోని కోయగూడెమున పనిచేయు ఫోను ఆశా కార్యకర్త చేతిలోనిది ఒక్కటే యుండి, నడిరేయి అదియు ఆరిపోయినచో ఆ గూడెమంతయు మూగపోవును. గోదావరి సంగతి మీరెరుగుదురు. భద్రాచలము వద్ద నీరు 43 అడుగులకు రాగానే మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవదానిని, 53 అడుగులకు మూడవదానిని ఎగురవేయుదురు. 1986 ఆగస్టులో నీటిమట్టము 75.6 అడుగులకు చేరినది. అప్పటికి మన దేశమున సెల్‌ఫోను లేదు. 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినపుడు వంతెనపై రాకపోకలు సైతము నిలిపివేసిరి. అప్పటికి సెల్‌ఫోను ఇంటింటి వస్తువైనది. కాని వరదకు కరెంటు పోయినచో, చేతిలోని ఫోనులో మిగిలిన ఛార్జి ఎంతయో అంతయే మన మాట.

ముందుగా బ్యాటరీ యనగానేమో చూతము. రసాయన చర్యనుండి విద్యుత్తును రాబట్టు సాధనమును విద్యుద్ఘటమందురు. ఇటలీ దేశీయుడైన వోల్టా 1800లో లోకమునకు వెల్లడించిన ఘటము దీనికి మూలము. మీ తాతలు టార్చిలైటులో వేసిన సెల్లులు ఒకసారి ఖర్చయిన పిమ్మట పారవేయదగినవే. అయినను ఆనాటి పల్లెవారు నీరసించిన సెల్లులను ఎండలో పెట్టి, చీకటి పడిన పిదప మరికొంత వెలుతురు పిండుకొనెడివారు. దానిని మూఢనమ్మకమని నవ్వరాదు. వేడికి లోపలి రసాయన చర్య కొంత చురుకగుటచే నిజముగనే కొంచెము శక్తి వచ్చెడిది. అయితే ఆ అలవాటును సెల్‌ఫోను బ్యాటరీకి పట్టించినచో మేలునకు మారు కీడు కలుగును.

ఏలయన, సెల్‌ఫోనులో నుండునది లిథియం అయాను బ్యాటరీ. దీనిని 1991లో జపాను దేశపు సోనీ సంస్థ మొదటిసారిగా అమ్మకమునకు తెచ్చినది. దీని వెనుక నున్న పరిశోధనకు గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది. ఛార్జి చేయునపుడు లిథియం అయానులు ఒక ధ్రువమునుండి బయలుదేరి, రెండవ ధ్రువమున గ్రాఫైటు పొరల నడుమ చేరి కూర్చుండును. ఫోనును వాడునపుడు అవి తిరిగి తమ చోటికి వచ్చును. ఇట్లు వందలమార్లు పోయి వచ్చుచుండును. వారపు సంతకు పోయివచ్చు బండ్లలో ఒకటి రెండు ప్రతిమారు దారిలో విరిగి నిలిచిపోయినట్లు, ప్రతి రాకపోకలోను కొన్ని అయానులు చిక్కుపడి మరల పనికి రావు. వేడి ఎక్కువైన కొలది ఈ నష్టము పెరుగును. కనుక టార్చిలైటు సెల్లునకు ఔషధమైన ఎండ దీనికి విషము.

బ్యాటరీపై 5000 మిల్లీఆంపియరు గంటలు అని వ్రాసియున్నదనుకొందము. ఫోను గంటకు సగటున 50 మిల్లీఆంపియర్ల చొప్పున తీసికొనినచో ఆ ఛార్జి నూరు గంటలు వచ్చును. 250 చొప్పున తీసికొనినచో ఇరువది గంటలు. 500 చొప్పున అయినచో పదిగంటలే. చెరువు ఒక్కటే, నీరు ఒక్కటే. తూము ఎంత ఎత్తితిమో దానినిబట్టి చెరువు నిలుచును. తూము ఎత్తి యున్నంతకాలము చెరువును ఎన్నిమార్లు నింపినను ఫలితమదియే. క్రొత్త బ్యాటరీ వేయించినవాని కథ ఇదియే.

మరి అడవిలో ఈ తూమును ఎత్తుచున్నదెవరు?

సెల్‌ఫోను ఒక చిన్న రేడియో యంత్రము. అది టవరు మాట వినుటయే కాక, టవరునకు వినబడునట్లు తానును మాటలాడవలెను. ప్రక్కన కూర్చున్నవానితో మాటలాడుటకు గుసగుస చాలును. ఏటికి ఆవలి గట్టున నున్నవానిని పిలువవలెనన్న రొమ్ము నిండుగా గాలి పీల్చి కేక వేయవలెను. టవరు దగ్గర నున్నచో ఫోను గుసగుసలాడును. దూరమైనచో కేకలు వేయును. తాను ఎంత బిగ్గరగా పలుకవలెనో టవరే దానికి ఎప్పటికప్పుడు తెలుపుచుండును. 900 మెగాహెర్ట్జుల పౌనఃపున్యమున పనిచేయు 2జీ ఫోను గరిష్ఠముగా 2 వాట్ల శక్తితో పలుకగలదు. 4జీ ఫోను సాధారణముగా వాటులో అయిదవ వంతు వరకు పోగలదు. అంకె చిన్నదిగా తోచినను, అంత శక్తిని వెలువరించుటకు ఫోను బ్యాటరీనుండి అంతకు మించి తీసికొనవలసియుండును. దూరము రెట్టింపైనచో, అడ్డేమియు లేని మైదానమున సైతము, సిగ్నలు నాలుగవ వంతునకు పడిపోవును. ఇక నడుమ గుట్టలును, వానకు తడిసిన ఆకులును అడ్డువచ్చిన చోట దాని గతి చెప్పనేల? నీరు పట్టిన ఆకు రేడియో తరంగములను మ్రింగివేయును. కనుకనే ఆకులు రాలిన వేసవిలో ఫోను పలికిన చోటనే శ్రావణమాసమున పలుకకపోవుట కద్దు.

టవరు బొత్తిగా అందని చోట ఫోను ఊరకుండునని మీరనుకొందురేమో. ఊరకుండదు. తప్పిపోయిన లేగదూడ తల్లిని వెదకినట్లు, తనకు తెలిసిన పౌనఃపున్యములన్నిటిని ఒకదాని వెంట నొకటిగా వినుచు టవరును వెదకుచుండును. సరిహద్దు పల్లెలలో మరియొక చిక్కు కలదు. టెలిఫోను వ్యవహారమున తెలంగాణమును ఆంధ్రప్రదేశమును నేటికిని ఒకే సేవామండలము. ఛత్తీస్‌గఢ్ మధ్యప్రదేశ్ మండలమున చేరినది. చర్ల ఎగువన నున్నవాని ఫోను ఒకపరి ఈవలి టవరును, మరొకపరి ఆవలి టవరును పట్టుకొనుచు, రెండును బలహీనములే యగుటచే అటునిటు ఊగిసలాడుచుండును. ప్రతి మార్పునకును కొంత ఛార్జి వ్యయము. తీవ్రవాద ప్రభావిత ప్రాంతములలో నున్న 2,343 2జీ టవరు కేంద్రములను 4జీకి మార్చుటకు కేంద్ర మంత్రివర్గము 2022 ఏప్రిలులో అనుమతించినది. టవరులు పెరిగిన కొలది ఈ బాధ తగ్గును. కాని గుట్ట చాటున నున్న గూడెమునకు బాధ తగ్గినదో లేదో ఆ గూడెములోని ఫోనునే అడిగి తెలిసికొనవలెను. ఆ యడుగు విధమిది.

మొదటి రాత్రి తొమ్మిది గంటలకు, బ్యాటరీ 90 శాతము ఉండగా, ఫోనును విమానపు గుర్తు గల మీటపై నొక్కి ‘ఫ్లైట్ మోడ్’ నందుంచుడు. అప్పుడు ఫోను టవరుతో మాటలాడుట మాను‌ను. నూరు శాతము వద్ద అంకె కొంతసేపు కదలక నిలుచుట పలు ఫోనులలో కలదు గనుక తొంబదితో ఆరంభించుట మేలు. ఫోనును ముట్టక, ఉదయము ఆరుగంటలకు అంకె చూచి కాగితముపై వ్రాయుడు. రెండవ రాత్రి అదే ఫోను, అదే చోటు, అదే వేళ, అదే 90 శాతము. ఒక్క ఫ్లైట్ మోడ్ మాత్రము తీసివేయుడు. ఉదయము అంకె వ్రాయుడు. పరీక్షలో ఒకసారి ఒకదానినే మార్చవలెను. ఫోను చోటును, తెర వెలుగును, సిమ్మును అన్నిటిని ఒకేసారి మార్చినచో ఏది దోషియో బ్రహ్మకును తెలియదు.

మొదటి రాత్రి 90 నుండి 88కి దిగి, రెండవ రాత్రి 90 నుండి 68కి దిగినదనుకొనుడు. బ్యాటరీ నిర్దోషి. మీ ఇంటికి టవరు దూరము, అంతే. రెండు రాత్రులును ఒకే తీరున బాగుగా దిగినచో, టవరు నిర్దోషి. అప్పుడు ఫోను లోపల గాని, బ్యాటరీలో గాని దోషము వెదకవలెను. ఈ పరీక్ష చేయునపుడు ఒక జాగ్రత్త. ఫ్లైట్ మోడ్‌లో నున్న ఫోనునకు ఎవరి పిలుపును రాదు. ఇంట రోగి గాని, నిండు గర్భిణి గాని ఉన్న దినములలోను, ఏరు పొంగు దినములలోను దీనిని చేయరాదు. పెద్దల అనుమతి లేక అసలే చేయరాదు.

దోషము టవరుదని తేలినచో ఏమి చేయవలెను? టవరును మనము దగ్గరకు జరుపలేము. ఫోనును జరుపగలము. ఒకే ఇంటిలో వంటయింటి మూలకును వాకిటి అరుగునకును సిగ్నలులో చాలా భేదముండును. ఇనుపరేకుల కప్పు క్రింద సిగ్నలు మరియు తగ్గును. ఇల్లంతయు తిరిగి, గీతలు ఎక్కువగా నున్న చోటు కనిపెట్టి, నీడపట్టున ఒక గూడు చేసి రాత్రివేళ ఫోనును అందుంచుట మంచిది. ఇంతకన్న ముఖ్యమైనది, పలువురు గమనింపనిది, రెండవ సిమ్ము. నేటి ఫోనులలో రెండు సిమ్ములు వేసికొనుట వాడుక. అందొక సంస్థకు మీ ఊరిలో టవరు లేకున్నచో, ఆ సిమ్ము రేయింబవళ్లు వెదకుచునే యుండును. సెట్టింగులలోనికి పోయి దానిని ఆపివేసినచో, పైసా ఖర్చు లేక ఛార్జి పెరుగును. పట్టణమునకు పోయినపుడు మరల తెరచుకొనవచ్చును. ఇంటర్నెట్టుతో పనిలేని వేళ డేటాను ఆపివేయుట మరియొక ఉపాయము. 2జీకి మార్చుకొనుమని కొందరు సలహా చెప్పుదురు. ఆ సంస్థకు మీ ఊరిలో 2జీ సేవ ఉన్నప్పుడే అది చెల్లును. కొన్ని సంస్థలకు 2జీ యే లేదు. అట్టి సిమ్మును 2జీకి మార్చినచో ఫోను పలుకనే పలుకదు.

ఇప్పపువ్వు ఏరుటకో తునికాకునకో టవరు లేని లోతట్టు అడవికి పోవువారు అచ్చట నున్నంతసేపు ఫ్లైట్ మోడ్ పెట్టుకొనుటలో నష్టము లేదు. లేని టవరును వెదకి ఫోను అలసిపోవుటకంటె నిద్రించుట మేలు కదా! గుట్ట యెక్కి సిగ్నలు అందు చోటికి వచ్చి తీసివేసిన చాలును. ఆశా కార్యకర్తకు ఈ ఉపాయము పనికిరాదు. ఆమె ఫోను రాత్రియంతయు మేలుకొని యుండవలసినదే. ఆమె వంటివారికి మీటల చిన్న ఫోను ఒకటి అదనముగా నుండుట ఎంతయు మేలు. దానికి పెద్ద తెర లేదు, వెనుక పరుగులిడు కార్యక్రమములు లేవు. ఒకసారి నింపిన ఛార్జి పలుదినములు వచ్చును. పెద్ద ఫోను ఉన్నవారు చిన్న ఫోనును చూచి నవ్వుట నేను చూచియున్నాను. వరద రాత్రి ఆ నవ్వు నిలువదు.

ఇక టవరు నిర్దోషి యని తేలిన పక్షమున, సెట్టింగులలో బ్యాటరీ అను పుటను తెరువుడు. ఏ కార్యక్రమము ఎంత ఛార్జి తిన్నదో ఫోనే లెక్క వ్రాసి చూపును. తరచుగా మొదటి స్థానము తెరదే. ఎండలో చూచుటకై వెలుగు పూర్తిగా పెంచి, పిదప తగ్గించుట మరచుటయే దీనికి హేతువు. వీడియోలు, ఆటలు తరువాతివి. కార్యక్రమములను మాటిమాటికి తుడిచివేయుట వలన ఛార్జి మిగులునను నమ్మకము కలదు గాని, తుడిచినదానిని మరల మొదటినుండి తెరచుటకే ఎక్కువ వ్యయము. ఛార్జి సున్నకు వచ్చువరకు వాడి పిదప నింపవలెనను మాటయు పాతకాలపు నికెలు కాడ్మియం బ్యాటరీలనాటిది. లిథియం బ్యాటరీకి అది మేలు చేయదు సరికదా, కీడు చేయును.

బ్యాటరీయే నిజముగ ముసలిదైనచో దాని గుర్తులు వేరు. 30 శాతము చూపుచుండగనే ఫోను ఒక్కసారిగా ఆరిపోవుట, ఛార్జరు తగిలించిన వెంటనే అంకె పైకెగురుట, తాకిన వేడిగా నుండుట ఇందు చేరును. 2025 జూన్ 20 నుండి ఐరోపా సమాఖ్యలో అమ్మకమునకు వచ్చు క్రొత్త ఫోనుల బ్యాటరీలు 800 మార్లు ఛార్జి చేసిన పిదప సైతము తొలి శక్తిలో కనీసము 80 శాతము నిలుపుకొనవలెనని నియమము. దీనినిబట్టి బ్యాటరీకిని ఆయుస్సు ఉన్నదని తెలియును. మన ప్రాంతమున ఆ ఆయుస్సును హరించునది మే నెల ఎండ. మోటారుసైకిలుపై ఎండ తగులు చోట అమర్చిన ఫోను, రేకుల కప్పు క్రింద దిండు చాటున ఛార్జి అగుచున్న ఫోను త్వరగా చెడును. అయినను బ్యాటరీ మార్చుటకు ముందు ఛార్జరు తీగను మార్చి చూడుడు. తీగ నలిగినచో, లేక ఫోను రంధ్రములో దుమ్ము, దూది చేరినచో, రాత్రియంతయు తగిలించినను ఛార్జి నిండదు. నిండని కుండను కారుచున్నదని అనుకొనుట మన పొరపాటు.

ఉబ్బిన బ్యాటరీ మాత్రము పరీక్షకు తగినది కాదు. ఫోను వెనుకభాగము లేచి, తెర ప్రక్కన సందు కనబడినచో ఛార్జి చేయుట వెంటనే మానవలెను. దానిని నొక్కరాదు, సూదితో గ్రుచ్చరాదు, పొయ్యిలో వేయరాదు. లోపలి పొరలు ఒకదానికొకటి తగిలినచో మంట లేచును. భారతప్రభుత్వపు 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము వాడి వదలిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత తయారుచేయువారిది. కనుక దానిని చెత్తకుప్పలో పారవేయక దుకాణమున అప్పగింపవలెను.

చివరకు వరద రాత్రి సంగతి. కరెంటు పోయినది, బ్యాటరీ 20 శాతమున్నది, ఎప్పుడు తిరిగి ఛార్జి దొరకునో తెలియదు. తొలుత డేటాను ఆపుడు. తెర వెలుగు పూర్తిగా తగ్గింపుడు. ఫోనును దీపముగా వాడకుడు. టార్చిలైటు వేరుగా నుండవలెను. బంధువులందరికి వేర్వేరుగా ఫోను చేయక, ఒకరికి ఎస్సెమ్మెస్సు పంపి మిగిలినవారికి తెలుపుమనుడు. మాట అందనంత బలహీనమైన సిగ్నలులోను అక్షరములు పోవుటకు అవకాశము ఎక్కువ. మీ సంస్థ టవరు ఆగిపోయినను నిరాశపడకుడు. వేరొక సంస్థ టవరు అందుబాటులో నున్నచో దాని మీదుగా 112కు పిలుపు పోవును. ఇంటిలో నాలుగు ఫోనులున్నచో నాలుగింటిని ఒకేసారి మేలుకొలిపి యుంచకుడు. మూడింటిని పూర్తిగా ఆపివేసి, సిగ్నలు బాగుగా పట్టుదానిని ఒక్కదానిని తెరచియుంచి, అది అడుగంటిన పిదప రెండవదానిని తెరువుడు.